చిన్న విమానం కాక్‌పిట్‌లో వీడియో కెమెరా బిగించడం: విశాఖ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

నేను విశాఖపట్నంలోనే ఉంటాను గాని, విమానం నడపడం నేర్చుకున్నది వేరే రాష్ట్రంలోని ఒక శిక్షణ సంస్థలో. అక్కడ ఒక ఉదయం శిక్షకుడు పక్కన ఉండగా, ముందు అద్దానికి సక్షన్ కప్పుతో అతికించిన నా చిన్న కెమెరా ఎత్తు దిగుతున్న సమయంలో ఊడి, నా ఎడమ కాలి దగ్గర, తోక మీది చుక్కానిని కాలితో కదిలించే రడ్డర్ పెడల్ కిందికి జారిపోయింది. ఆయన వెంటనే నియంత్రణలు తన చేతిలోకి తీసుకుని, విమానాన్ని సమంగా నిలిపి, నేను వంగి దాన్ని బయటికి తీసేదాకా ఒక్క మాట కూడా అనలేదు. నేలమీదికి వచ్చాక మాత్రం ఒకటే ప్రశ్న అడిగారు: "బాబూ, అతికించేటప్పుడు అది ఊడితే ఎటు పోతుందో చూసుకున్నావా?" నేను చూసుకోలేదు. ఇంటి దగ్గర అద్దానికి రాత్రంతా అంటుకుని ఉన్నది గనక గాలిలోనూ ఉంటుందని అనుకున్నాను, అంతే.

ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టూ ఆ ప్రశ్న నుంచే వచ్చింది. దృశ్యం బాగా రావడం గురించి కూడా చెబుతాను, కానీ కెమెరా ఊడిపడినా, వేడెక్కినా, ఆగిపోయినా విమానం నడిపే మనిషి పనికి ఆటంకం కలగని ఏర్పాటు చేసుకున్నాకే దృశ్యం సంగతి. ఇక్కడ చెప్పేవన్నీ సెస్నా 152, 172 వంటి ఒక ఇంజిను గల శిక్షణ విమానాలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. విమానం వెలుపల, రెక్క కిందో తోక మీదో కెమెరా అమర్చడం పూర్తిగా వేరే విషయం; అది ఇంజనీర్ల ఆమోదం లేకుండా తలపెట్టవలసిన పని కాదు గనక దాని జోలికి వెళ్లడం లేదు.

మొదటి మెట్టు: అనుమతి

కెమెరా కొనక ముందే ఈ పని పూర్తి చేసుకోవాలి. 1937 నాటి విమాన నిబంధనలలోని 13వ నిబంధన ప్రకారం ప్రభుత్వ విమానాశ్రయంలో గాని, ఎగురుతున్న విమానం నుంచి గాని ఫోటోలు తీయాలంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి. శిక్షణ సంస్థలో చేరినవారు ఈ దరఖాస్తు సంగతి సంస్థ ద్వారానే కదపడం మంచిది. ఏ విమానం, ఏ ప్రాంతం, ఏ ప్రయోజనం అన్న వివరాలు వారి దగ్గర ముందే ఉంటాయి.

విశాఖవారికి ఇందులో మరో ముడి ఉంది. మన విమానాశ్రయం నౌకాదళ వైమానిక కేంద్రమైన ఐఎన్ఎస్ డేగాలో భాగంగా నడిచే పౌర విభాగం. రన్‌వే నౌకాదళానిది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం అన్నీ డాల్ఫిన్ నోస్ కొండ చుట్టుపక్కలే ఉన్న ఊరు ఇది. పైనుంచి చూస్తే ఎంత అందంగా ఉంటుందో అంత సున్నితమైన ప్రాంతం కూడా. అందుచేత సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ప్రయాణికుల విమానం కిటికీలోంచి అయినా సరే, ఈ రన్‌వే మీద కెమెరా పనితీరును పరీక్షించే ఆలోచన పెట్టుకోకండి. పరీక్షలకు నేల మీదే కావలసినన్ని చోట్లు ఉన్నాయి, వాటి సంగతి తరువాత చెబుతాను.

ప్రభుత్వ అనుమతితో పాటు ఇద్దరు మనుషుల సమ్మతి కూడా అవసరం. ఒకరు ఆ విమానాన్ని చూసుకునే మెయింటెనెన్స్ ఇంజనీరు, రెండోవారు ఆ ప్రయాణానికి బాధ్యత వహించే పైలట్ లేదా శిక్షకుడు. తీసి పట్టుకుపోగలిగే బిగింపుకూ, విమానానికి రంధ్రం వేసి మరమేకులతో బిగించే అమరికకూ చాలా తేడా ఉంది. రెండోది విమానంలో మార్పు కిందికి వస్తుంది, దానికి అధికారికంగా ఆమోదం కావాలి. విమానం తీగలలోంచి కెమెరాకు కరెంటు లాగడమూ అలాంటిదే. ఈ వ్యాసమంతా మొదటి రకం గురించే.

రెండో మెట్టు: చోటు

కెమెరా లేకుండా, ఖాళీ చేతులతో ఒకసారి విమానంలో కూర్చోండి. సీటు బెల్టు పెట్టుకుని, విమానాన్ని నడిపే చేతి చక్రమైన యోక్‌ను పూర్తిగా ముందుకూ వెనక్కూ, రెండు పక్కలకూ తిప్పి చూడండి. పెడళ్లను చివరిదాకా తొక్కండి. ఫ్లాప్‌ల మీట (రెక్కల వెనక పలకలను దించేది), ట్రిమ్ చక్రం (విమానం ముక్కును కోరిన ఎత్తులో నిలిపేది), మిక్స్చర్ పిడి (ఇంధనం, గాలి పాళ్లు మార్చేది), నేల దగ్గర ఉండే ఇంధన సెలెక్టర్ (ఏ ట్యాంకో ఎంచుకునేది) వీటన్నిటినీ కళ్లు మూసుకుని అందుకోండి. సీటును పూర్తిగా ముందుకు జరిపి ఒకసారి, వెనక్కి జరిపి ఒకసారి ఇదంతా చెయ్యాలి, ఎందుకంటే మీ తరువాత ఆ సీటులో కూర్చునే మనిషి పొడుగరి కావచ్చు. చేతులూ మోకాళ్లూ తిరిగిన ప్రదేశమంతా కెమెరాకు నిషిద్ధం. తలుపు గొళ్లెం, అత్యవసరంగా బయటపడే దారి కూడా ఆ నిషిద్ధంలో చేర్చుకోండి.

మిగిలిన చోట్లలో నాకు బాగా నచ్చినది ముందు సీట్ల మధ్య, కొంచెం వెనకగా, పైకప్పుకు దగ్గరగా ఉండే చోటు. అక్కడి నుంచి పరికరాల ప్యానెల్, ఇద్దరి చేతులు, ముందు అద్దంలోంచి దిగంతం అన్నీ ఒకే చట్రంలోకి వస్తాయి. శిక్షణ కోసం చిత్రీకరించేవారికి ఇంతకు మించిన కోణం లేదనే చెప్పాలి, ఎందుకంటే ల్యాండింగ్‌లో చూపు ఎటుంది, చెయ్యి ఎటుంది, వేగం ఎంతుంది అన్న మూడు సంగతులూ ఒక్కసారే తెలుస్తాయి. ఇక్కడి నుంచి ఊడినా కెమెరా వెనక సీటు మీదికో, ముందు సీట్ల మధ్యకో పడుతుంది. వెనకకు పడితే ఇబ్బంది లేదు. ముందుకు పడకుండా ఆపేది భద్రతా తాడు, దాని పొడవును ఎలా కొలవాలో తరువాతి మెట్టులో ఉంది.

పక్క కిటికీకి అమర్చి పైలట్ ముఖాన్ని తీయడం రెండో ఎంపిక. అది ప్రయాణపు జ్ఞాపకంగా బాగుంటుంది, పాఠంగా పెద్దగా ఉపయోగపడదు. ప్యానెల్ పైనున్న నల్లటి గ్లేర్‌షీల్డ్ మీద పెట్టి వెనక్కి తిప్పే పద్ధతి చాలామంది వాడతారు గాని నాకు ఇష్టం లేదు. ఎండ నేరుగా పడి కెమెరా మాడిపోతుంది, దాని ప్రతిబింబం ముందు అద్దంలో కనిపించి ఎదురుగా వచ్చే విమానాన్ని చూడవలసిన కంటికి అడ్డుపడుతుంది, పైగా దిక్సూచి అక్కడికి జానెడు దూరంలోనే ఉంటుంది. ముందు అద్దానికే అతికించడం గురించి నా అనుభవం ముందే చెప్పాను.

మూడో మెట్టు: బిగింపు

సక్షన్ కప్పు అద్దాన్ని తనంతట తాను పట్టుకోదు. కప్పు లోపలి గాలిని మనం బయటికి నొక్కేస్తే, బయటి వాతావరణ పీడనం దాన్ని అద్దానికి అదిమి పడుతుంది. అంటే పట్టు బలం బయటి పీడనం మీద ఆధారపడి ఉంటుంది. సముద్ర మట్టాన ఉన్న పీడనంతో పోలిస్తే 5,000 అడుగుల ఎత్తులో సుమారు 83 శాతమే ఉంటుంది, 10,000 అడుగుల దగ్గర 70 శాతానికి కాస్త దిగువకు వస్తుంది. చిన్న విమానాల్లో లోపలి గాలి పీడనాన్ని నిలబెట్టే ఏర్పాటు ఉండదు గనక కాక్‌పిట్‌లోనూ అంతే. సముద్రపు ఒడ్డున విశాఖలో ఇంటి కిటికీకి వేలాడదీసి చూసిన పట్టు గాలిలో తగ్గడానికి ఇదే మొదటి కారణం. ఇంజిను అదురు, ఎండకు మెత్తబడే రబ్బరు, దుమ్ము మిగతా పని చేస్తాయి.

ఇంకో సంగతి, విమానం కిటికీలు గాజువి కావు. అవి అక్రిలిక్ పలకలు. కప్పు కింద ఒక్క ఇసుక రేణువు ఉన్నా గీత పడుతుంది. అమ్మోనియా ఉన్న ఇంటి అద్దాల ద్రవంతో గాని, స్పిరిట్‌తో గాని తుడిస్తే సన్నటి పగుళ్లు పాకుతాయి. శుభ్రమైన నీళ్లు, మెత్తటి నూలు గుడ్డ, లేదా అక్రిలిక్‌కు పనికొస్తుందని రాసి ఉన్న ద్రవం తప్ప మరేదీ వాడకండి.

ఇందుకే నా ఓటు క్లాంపుకు. హెడ్‌రెస్టు కడ్డీ, ఇంజనీరు చూపించిన గట్టి పిడి వంటి చోట స్క్రూతో బిగుసుకునే క్లాంపు ఎత్తును బట్టి పట్టు మార్చుకోదు. కడ్డీకీ క్లాంపుకూ మధ్య పలచటి రబ్బరు పట్టీ చుడితే గీతలు పడవు, సన్నటి అదురు కొంత మేరకు అక్కడే ఆగుతుంది. క్లాంపు నుంచి కెమెరాకు వచ్చే చెయ్యి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పొడవాటి చేతికి మూడు కీళ్లు ఉంటే ప్రతి కీలూ ఊగుతుంది, వీడియోలో ప్యానెల్ జెల్లీలా వణుకుతూ కనిపిస్తుంది. అయస్కాంతపు బిగింపులు దిక్సూచిని తప్పుదారి పట్టిస్తాయి, వాటిని మాత్రం అసలే దగ్గరికి రానివ్వకండి.

జగదాంబ కూడలి పరిసరాల్లో దొరికే క్లాంపుల్లో చాలావాటికి మామూలు ఇనుప మరలే ఉంటాయి, మన ఉప్పు గాలికి ఆరు నెలల్లో తుప్పు పట్టేస్తాయి. వాటిని స్టెయిన్‌లెస్ మరలతో మార్చుకోండి. కడ్డీ మందానికి సరిపడే తొడుగు దొరక్కపోతే ఆటోనగర్‌లో లేత్ పనివారి చేత నైలాన్ ముక్కను తొలిపించుకోవచ్చు, నేను అలాగే చేయించాను. అది ఎంత చక్కగా కుదిరినా విమానంలోకి తీసుకెళ్లే ముందు ఇంజనీరుకు చూపించవలసిందే.

జిగురు పట్టీతో అతికించే బిళ్లలు వాడదలిస్తే, అతికించిన తరువాత కనీసం 24 గంటలు వదిలేయాలి. అద్దె విమానానికి ఒక రోజంతా అలా వదిలేసే అవకాశం ఎవరికి ఉంటుంది?

ఇక భద్రతా తాడు. కెమెరా బరువు సుమారు 150 గ్రాములు అనుకుందాం. నార్మల్ కేటగిరీ (విన్యాసాలకు కాక మామూలు ప్రయాణాలకు వాడే) విమానాన్ని 3.8 జి, అంటే మామూలు బరువుకు 3.8 రెట్లు, వరకు భారాన్ని తట్టుకునేలా రూపొందిస్తారు. ఆ హద్దు దగ్గర మన కెమెరా దాదాపు 570 గ్రాములు తూగుతుంది. గాలి కుదుపులో విమానం ఒక్కసారిగా కిందికి జారితే అది పైకి ఎగరాలని చూస్తుంది. అందుచేత తాడును క్లాంపుకు కట్టకూడదు. క్లాంపే ఊడితే రెండూ కలిసి పోతాయి. కెమెరా తొడుగుకు ఒక కొస, క్లాంపుతో సంబంధం లేని వేరే గట్టి చోటుకు రెండో కొస కట్టాలి. పొడవు ఎంత ఉండాలంటే, కెమెరాను చేత్తో పట్టుకుని తాడు బిగిసేదాకా అన్ని వైపులకూ లాగినప్పుడు అది యోక్‌కూ, పెడళ్లకూ, మనిషి ముఖానికీ అందకూడదు. అందితే తాడును కురచ చేయండి. కురచ చేయడానికి కుదరకపోతే చోటు మార్చండి.

నాలుగో మెట్టు: నేల మీద పరీక్షలు

విమానం గంట అద్దె ఖరీదైనది, ఆటో చవకైనది. నేను మొదటి అదురు పరీక్షను ఆటోలోనే చేశాను. డ్రైవరు సీటు వెనకనున్న కడ్డీకి క్లాంపు బిగించి, ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సుమారు పాతిక కిలోమీటర్లు వెళ్లి వచ్చాను. ఆటో అన్న దారంతా "సినిమాకా సార్, మా బండి పేరు వేస్తారా" అని అడుగుతూనే ఉన్నాడు. ఆటో అదురు విమానం అదురుతో సమానమని కాదు, కానీ గంట సేపు వణికిన తరువాత ఏ మర వదులవుతుందో, ఏ కీలు జారుతుందో దాంట్లో తెలిసిపోతుంది. బయలుదేరే ముందు ప్రతి మర తల మీద, దాని పక్కన పలక మీద కలిపి ఒక తెల్లటి గీత గీయండి. తిరిగి వచ్చాక గీత రెండు ముక్కలై కనిపిస్తే ఆ మర తిరిగిందన్నమాట. విమాన మెకానిక్‌లు కూడా ఇదే ఉపాయం వాడతారు. పక్కబలాల కోసం కారులో సింహాచలం ఘాట్ రోడ్డు మలుపులు ఒకసారి ఎక్కి దిగితే చాలు.

వేడి పరీక్షకు మన మే నెలను మించిన ప్రయోగశాల లేదు. మధ్యాహ్నం అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో, అద్దం దగ్గర కెమెరా ఆన్ చేసి, బయట నీడలో నిలబడి ఎన్ని నిమిషాలకు అది తనంతట ఆగిపోతుందో గడియారంలో చూడండి. ఎండలో నిలిపిన విమానం లోపలా పరిస్థితి అదే. బ్యాటరీ ఉబ్బినట్లు కనిపించినా, వాసన వచ్చినా పరీక్ష ఆపేసి ఆ బ్యాటరీని పక్కన పెట్టేయాలి.

తేమకూ ఒక చిన్న పరీక్ష ఉంది. ఏసీ గదిలోంచి కెమెరాను ఒక్కసారిగా బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముకుంటుంది, విశాఖలో ఇది ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రయాణం రోజున కెమెరాను సంచిలోనే ఉంచి, అరగంట ముందు బయటి గాలి వేడికి అలవాటు పడనివ్వాలి. తొడుగు లోపల సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి ఉంచడం మంచి అలవాటు.

అయిదో మెట్టు: దిక్సూచి, రేడియో, జీపీఎస్

కెమెరా స్పీకరులో చిన్న అయస్కాంతం ఉంటుంది. ఇంట్లో మామూలు చేతి దిక్సూచిని చెక్కబల్ల మీద పెట్టి, ఆన్ చేసిన కెమెరాను మెల్లగా దగ్గరికి జరపండి. ముల్లు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కదిలిందో రాసుకుని, విమానంలో దానికి కనీసం రెట్టింపు దూరం పాటించండి. విమానంలోనూ ఒకసారి తేల్చుకోవాలి: కెమెరా లేనప్పుడు దిక్సూచి చూపిన అంకె, బిగించి ఆన్ చేశాక చూపిన అంకె ఒకటే అయి ఉండాలి. ఒక్క డిగ్రీ కదిలినా చోటు మార్చాల్సిందే.

తరువాత హెడ్‌సెట్ పెట్టుకుని రేడియోను వినండి. విమాన సంభాషణలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎం (తరంగం ఎత్తును మారుస్తూ ధ్వనిని పంపే) పద్ధతిలో సాగుతాయి గనక చవకబారు యూఎస్‌బీ చార్జర్ల రొద అందులో తేలిగ్గా చొరబడుతుంది. స్క్వెల్చ్ (బలహీన రొదను అణిచి ఉంచే రేడియో ఏర్పాటు) తెరిచి, చార్జరును పెడుతూ తీస్తూ తేడా వినండి. జీపీఎస్ ఉంటే ఉపగ్రహ సంకేతాల పేజీలో కడ్డీల ఎత్తు తగ్గుతోందేమో చూడాలి. కెమెరాలో వైఫై, బ్లూటూత్ రెండూ ఆపేయండి. వాటితో గాలిలో పనేమీ లేదు, బ్యాటరీ కూడా మిగులుతుంది.

ఆరో మెట్టు: బ్యాటరీ, కార్డు

ఒక్క ప్రయాణానికి సరిపడే బ్యాటరీ కెమెరాలోనే ఉండేలా చూసుకుంటే తీగల గొడవే ఉండదు. అది చాలకపోతే చిన్న పవర్ బ్యాంకును చేతికి అందే జేబులో ఉంచుకోవాలి. పొగ వస్తే వెంటనే చేతిలోకి రావాలి గనక సీటు కింద దాచకండి. విమానంలోని సాకెట్ వాడేవారు ముందుగా దాని వోల్టేజీ కనుక్కోవాలి. సెస్నా 172లలో పాతవాటికి 14 వోల్టులు, తరువాతి వాటికి 28 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. 12 వోల్టుల కారు చార్జరును 28లో పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. 128 జీబీ కార్డు, దాని మీద వీ30 (సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాసుకోగలదన్న) గుర్తు ఉంటే శిక్షణ ప్రయాణానికి నిశ్చింత.

ఏడో మెట్టు: కెమెరా అమరికలు

దృశ్య స్థిరీకరణను ఆపేయండి. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. కెమెరాలో కదలికలను పసిగట్టే గైరో విమానం ఒరగడాన్ని చెయ్యి వణకడంగా పొరబడి సరిదిద్దబోతుంది, ఫలితంగా దిగంతం నిలబడి కాక్‌పిట్ ఊగుతున్నట్లు కనిపిస్తుంది. గట్టిగా బిగించిన కెమెరా విమానంతో పాటే ఒరగాలి. దిగంతాన్ని సమంగా పట్టి ఉంచే లాక్ వంటి సదుపాయాలు కూడా అంతే.

ప్రొపెల్లర్ వంగిన అరటి ఆకులా కనిపించే దోషానికి కారణం కెమెరా సెన్సరు చిత్రాన్ని ఒక్కసారిగా కాక వరుస వెంట వరుసగా చదవడమే. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే ప్రొపెల్లర్ అంటే సెకనుకు 40 చుట్లు. పట్టపగలు కెమెరా తనంతట తాను సెకనులో 2,000వ వంతు షట్టరు ఎంచుకుంటే, ఆ వ్యవధిలో రెక్క కేవలం 7.2 డిగ్రీలే కదులుతుంది. అంటే రెక్క స్పష్టంగా కనిపిస్తుంది, వంకరగానూ కనిపిస్తుంది. అదే 100వ వంతు అయితే 144 డిగ్రీలు తిరుగుతుంది. రెండు రెక్కలూ కలిసి మన కంటికి కనిపించే పలచటి మసకగా మారిపోతాయి. అంత వెలుతురులో షట్టరును నెమ్మది చేయాలంటే లెన్సు మీద వెలుతురును తగ్గించే ఎన్‌డీ వడపోత తప్పదు (అంకె పెరిగేకొద్దీ అది ముదురు). ఎఫ్/2.8 రంధ్రం ఉన్న లెన్సు, ఐఎస్ఓ (సెన్సరు వెలుతురును గ్రహించే స్థాయి) 100 దగ్గర నిండు ఎండలో ఎన్‌డీ32 లెక్క సరిపోతుంది. మబ్బు రోజుకు ఎన్‌డీ8 లేదా 16 చాలు.

మెరుపును తగ్గించే పోలరైజర్ వడపోతను మాత్రం ఇంట్లోనే వదిలేయండి. అక్రిలిక్ కిటికీలలో ఇంద్రధనుస్సు చారలు పుట్టిస్తుంది, డిజిటల్ తెరలను కొన్ని కోణాల్లో పూర్తిగా నల్లగా చేస్తుంది.

లోపల చీకటి, బయట మిరుమిట్లు. రెండూ సరిగా రావడం కష్టమే, అందుకే వీడియో దేని కోసమో ముందే నిర్ణయించుకోండి. పాఠం కోసమైతే ప్యానెల్ మీద వెలుతురు కొలిచి లాక్ చేయండి, సముద్రమూ ఆకాశమూ కాస్త తెల్లబోయినా పరవాలేదు. ఆటోమేటిక్‌లో వదిలేస్తే ప్రతి మలుపులోనూ వీడియో వెలుగుతూ ఆరుతూ చూసేవారికి తలనొప్పి తెస్తుంది.

ధ్వని గురించి క్లుప్తంగా

కెమెరా మైకులో ఇంజిను మోత తప్ప ఏమీ వినిపించదు. హెడ్‌సెట్ చెవి గిన్నె లోపల చిన్న కాలరు మైకు పెట్టి విడి రికార్డరులో తీసుకోవడం అన్నిటికంటే సులువు. ఇంటర్‌కామ్ నుంచి నేరుగా తీసుకునేవారు శబ్దస్థాయిని తగ్గించే తీగను వాడాలి, లేకపోతే మాటలు పగిలిపోతాయి. వీడియోను నలుగురికీ చూపదలచుకుంటే విమానాల రాకపోకలను చూసే నియంత్రణ కేంద్రం (ఏటీసీ) వారి మాటలను తీసేసి చూపడమే పద్ధతి అని నా అభిప్రాయం.

ప్రయాణం రోజు

బిగింపంతా ఇంజిను స్టార్ట్ చేయక ముందే ముగియాలి. బిగించాక క్లాంపును పట్టుకుని గట్టిగా లాగండి, యోక్, పెడళ్లు చివరిదాకా కదిలించండి, తలుపు తెరిచి మూయండి, సీటు జరపండి. రికార్డింగు బటన్‌ను ఇంజిను స్టార్ట్ చేయడానికి ముందు చెక్‌లిస్టు తెరవక మునుపే నొక్కేయాలి. ఆపైన దిగి, పార్కింగు చేసి, ఇంజిను ఆగేదాకా కెమెరా ఉందన్న సంగతే మరచిపోవాలి. ఎర్ర దీపం వెలుగుతోందో లేదో అని ఒక్కసారి తిరిగి చూడాలనిపిస్తుంది, ఆ చూపు బయట ఆకాశం మీద ఉండవలసినది. అందుకే నేను ముందువైపు దీపానికి నల్లటి టేపు అతికిస్తాను. పక్కన శిక్షకుడు ఉంటే ఆయనతో ముందే మాట అనుకోండి: కెమెరా ఊడితే ఎవరు నియంత్రణలు పట్టుకుంటారు, ఎవరు తీస్తారు, ఒక్కరే ఉన్నప్పుడు తాడుకు వేలాడనిచ్చి వదిలేస్తారా అని. ఒంటరి ప్రయాణమైతే వదిలేయడమే.

దిగాక

కెమెరా, క్లాంపు, తాడు, వడపోత మూత, విడి మరలు అన్నీ లెక్కపెట్టి సంచిలో వేసుకోండి. ప్రయాణానికి ముందు ఎన్ని వస్తువులు తెచ్చారో ఫోనులో ఫోటో తీసి ఉంచుకుంటే లెక్క సులువు. ఒక్క మర తక్కువైనా సీట్ల కింద, పెడళ్ల దగ్గర టార్చి వేసి వెతకాలి, దొరక్కపోతే తరువాతి ప్రయాణం మొదలవక ముందే మెయింటెనెన్స్ ఇంజనీరుకు చెప్పాలి.